నల్లని రేఖలో పచ్చని చెట్టు

వర్ణములన్నియు విడిచి, ఒక్క పెన్సిలు చేతబూని చెట్టు నెదుట కూర్చుండు చిత్రకారునకు కలుగు తొలి లాభమేమనగా, అంతవరకును పచ్చదనపు చాటున మరుగుపడియున్న మ్రాని నిలుకడ, కొమ్మల విరుపు, వెలుగునీడల పొందిక ఒక్కొక్కటిగా కంటికి గోచరించుటయే. దూరమునుండి చింతయు వేపయు ఒకే పచ్చనై తోచవచ్చును గాని, మ్రానునుండి కొమ్మ యే వంపున చీలినదో కనిపెట్టిన రేఖకు ఆ రెండును ఎన్నడును ఒకటి కానేరవు.

ఈ సాధనముయొక్క చరిత్రయు మనోహరమైనది. ఇంగ్లండునందలి బారోడేల్ గనులలో పదునారవ శతాబ్దమున దొరికిన స్వచ్ఛమైన గ్రాఫైటే తొలి పెన్సిళ్ల కాధారము. యుద్ధకారణమున ఆ సరకు ఫ్రాన్సునకు అందకపోగా, నికొలా జాక్ కాంటే 1795లో గ్రాఫైటు పొడిని బంకమన్నుతో మేళవించి, కొలిమిలో కాల్చి కడ్డీలు చేయు మార్గమును కనుగొనెను. మన్ను హెచ్చిన కడ్డీ గట్టిపడి లేత బూడిదవన్నె గీతను, గ్రాఫైటు హెచ్చిన కడ్డీ మెత్తపడి చిక్కని నల్లని గీతను ఇచ్చును. కావుననే అరకులోయను చిత్రించువాడు, నడుమనున్న గాలిపొరలచే పలుచబడిన దూరపు కొండలను గట్టి కడ్డీ గల 2హెచ్‌తో తేలికగా సూచించి, ముందున్న పనసమ్రాని బెరడును మెత్తని కడ్డీ గల 4బితో దిద్దును. చెట్టు గాలినుండి గ్రహించి తన దేహముగా మార్చుకొను కర్బనమే గ్రాఫైటునందును ఉండుట తలచినపుడు, చెట్టును చెట్టుయొక్క ధాతువుతోనే లిఖించుచున్నామను ఆనందము కలుగకపోదు.

ఆకులను లెక్కించి గీయబూనుట వృథాశ్రమ; అరమోడ్పు కన్నులతో చూచినచో ఆకులు గుంపులై, ఆ గుంపులు వెలుగుమొగమును నీడమొగమును గల ముద్దలై కానవచ్చును. నీడను పెన్సిలు దిద్దును. వెలుగును మాత్రము గీయక విడిచిన కాగితమే ప్రసాదించును. ఏ యెత్తున చూచినను కొమ్మల మందమంతయు కలిపి మ్రాని మందమునకు సమమని లియొనార్డో డావిన్చి చెప్పిన సూత్రమును మనసున నిలుపుకొన్నచో, కొమ్మలు పోనుపోను సన్నగిలు తీరు చేతికి పట్టుబడును. తాడికి ఈ సూత్రముతో పనిలేదు. అది కొమ్మలేని ఏకస్తంభము, దాని అందమంతయు శిఖరమున విచ్చుకొన్న మట్టలలోనే గలదు.

ఇట్లు చిరకాలము చూచి గీసిన చెట్టు మనకు ఆత్మీయమగును. హైదరాబాదునుండి చేవెళ్ల మీదుగా బీజాపురమునకు సాగు బాట కిరువైపుల నున్న వృద్ధవటములకు, బాట వెడల్పు చేయవలెనన్న తలంపున ముప్పు వాటిల్లినపుడు, వానికై నిలిచి వాదించినవారు వానిని ప్రేమతో ఎరిగినవారే. వృక్షరక్షణమునకు శాసనము లవసరమే. ఆ శాసనములకు ప్రాణము పోయునది పరిచయము. కావున మన పాఠశాలలందు వారమున కొకనాడైనను బాలబాలికలను తరగతిగది వెలుపలికి గొనిపోయి, కాగితమును పెన్సిలును చేతికిచ్చి, దగ్గరనున్న చెట్టు నెదుట కూర్చుండబెట్టవలెను. చిత్రము వంకరపోయినను చింతలేదు. అంతసేపు తేరిపార చూచిన చెట్టును నరుకుటకు వారు పెద్దవారైన పిదప సులభముగా సమ్మతింపరు.