వారమునకు 168 గంటలు

2024వ సంవత్సరమున సెప్టెంబరు టర్మునకు కొలది దినములు ముందు, సాయంకాలము బడి వదలిన పిమ్మట, మన పూర్వ విద్యార్థిని యొకతె తండ్రితో కూడ మా గదికి వచ్చినది. పదవ తరగతి వరకు ఇచ్చట తెలుగు మాధ్యమముననే చదివిన పిల్ల. వారిది హోసూరునకు సమీపముననున్న పల్లె. తండ్రి గులాబీ తోటలో పని చేయును; తల్లి ఇంట పూలు కట్టి అంగడికి పంపును. పిల్ల చేతిలో నొక కాగితము. మద్రాసు ఐ.ఐ.టి. వారి డేటా సైన్సు బి.ఎస్. చదువునకు అర్హత పరీక్షలో గెలిచినదట. మేము సంతోషముతో కుర్చీ నుండి లేచితిమి. మరల కూర్చుండిన పిదప గాని అసలు చిక్కు తెలియలేదు.

ఈ చదువు సంగతి ఎఱుగని తలిదండ్రుల కొఱకు రెండు మాటలు చెప్పవలెను. ఐ.ఐ.టి. వారు దీనిని 2020లో ఆరంభించిరి. పాఠములను ఇంటనుండియే ఇంటర్నెట్టు ద్వారా వినవచ్చును. క్విజ్జులను, తుది పరీక్షను మాత్రము కేంద్రమునకు పోయి వ్రాయవలెను. ఏటికి మూడు టర్ములు. పునాది మెట్టున ఎనిమిది పాఠ్యాంశములు, ఒక్కొక్కదానికి నాలుగు క్రెడిట్లు. పూర్తి పట్టమునకు 142 క్రెడిట్లు. ఒకేసారి రెండు పట్టములకు చదువుటకు యు.జి.సి. 2022లో అనుమతి నిచ్చినందున, మఱియొక కళాశాలలో నుండియు దీనిని చదువవచ్చును. మన పిల్లయు పగలు ప్రభుత్వ కళాశాలలో బి.ఎస్సీ. గణితమున చేరియున్నది. టర్మునకు ఎన్ని పాఠ్యాంశములు గైకొనవలెనో విద్యార్థియే ఎన్నుకొనును, నాలుగింటికి మించరాదు. గైకొన్నవానికే రుసుము.

కాగితముపై నాలుగింటికిని గుర్తులు పెట్టబడియున్నవి: గణితము, సంఖ్యాశాస్త్రము, కంప్యుటేషనల్ థింకింగ్, ఇంగ్లీషు.

"ఇప్పటికి రెండు చాలవా?" అంటిమి. పిల్ల తల వంచుకొన్నది. తండ్రి ఊరకుండలేదు.

"అట్ల చెప్తారేమి అయివారా? అందరి పిల్లోళ్ళూ నాలుగు తీసుకుంటా ఉంటే మా పాప రెండే తీసుకుంటే వెనకబడిపోదా? తెలుగు బడిలో చదివింది కాబట్టి చేతకాలేదంటారు."

ఆ చివరి మాట మమ్ము గుచ్చినది. ఏలయన, అట్టి మాటకు జడిసియే మేమొకప్పుడు చెడితిమి. సుమారు ఇరువది యేండ్ల క్రిందట ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రదేశమునకు పోయితిమి. అచ్చటి సహాధ్యాయులు మా పలుకుబడి విని "అరవ తెలుగు" అని నవ్విరి. ఎవరికిని తీసిపోమని చూపవలెనను పంతము పుట్టినది. శిక్షణతో పాటు, దూరవిద్యలో ఎం.ఏ. మొదటి సంవత్సరమునకును, అదిగాక యొక హిందీ పరీక్షకును, ఒక్క యేటనే రుసుములు కట్టితిమి. ఫలితము చిత్తగింపుడు: శిక్షణలో ఎట్లో గట్టెక్కితిమి, హిందీ పరీక్షకు పోనేలేదు, ఎం.ఏ.లో నొక పత్రమున తప్పితిమి. ఆ పత్రము తెలుగు వ్యాకరణము! నేడు మీ సంధులకు ఎఱ్ఱసిరా పెట్టుచున్న చేయి అదియే. ఈ సంగతి మన బడిలో ఇదివరకు ఎవరికిని చెప్పియుండలేదు. ఆ సాయంకాలము ఆ తండ్రికి చెప్పితిమి. ఆయన నవ్వలేదు, సుద్దముక్క మాత్రము మా చేతికందిచ్చి, "అయితే లెక్క వేయండి" అన్నాడు.

నల్లబల్లపై వ్రాసితిమి. వారమునకు 168 గంటలు. నిద్రకు 56. కళాశాలకు ఐదు దినములు, దినమునకు ఆరు చొప్పున 30. బస్సుకు, పోకకు రాకకు కలిపి 10. స్నాన భోజనములకు, ఇంటిపనికి 28. తల్లితో పూలు కట్టుటకు, దినమునకు రెండు చొప్పున 14. కళాశాల పాఠములను ఇంట చదువుకొనుటకు 6. అన్నియు కలిపి 144. మిగిలినవి 24.

ఐ.ఐ.టి. పాఠ్యాంశ మొక్కొక్కటి వారమునకు సుమారు పది గంటలు కోరును. నాలుగింటికి 40. మిగిలినది 24. తండ్రి చాలసేపు బల్లవంక చూచెను. పిల్ల మాత్రము, "రెండు తీసుకుంటే 20 సార్, ఇంకా నాలుగు మిగులుతాయి కదా" అన్నది.

ఆ నాలుగును మిగులవని చెప్పితిమి. పది గంటలనునది ఇంగ్లీషు వినుటకు అలవాటుపడిన చెవికి. మన పిల్లలు ఇంగ్లీషు వాక్యమును లోలోపల తెలుగు చేసికొని, పిదప అందలి గణితమును అందుకొందురు. ఆరంభమున పది పండ్రెండగును. రెండింటికి 24. సరిగా సరిపోయినది. ఇది మన పిల్లల తెలివికి లోపము కాదు. వారు మోయు బరువు వేఱు. ఈ రాష్ట్రమున 2006 నాటి చట్టముచే తమిళము క్రమముగా పదవ తరగతి వరకు నిర్బంధ పాఠ్యమైనది. ఇంట తెలుగు, వీధిలో కొంత కన్నడము, పుస్తకమున ఇంగ్లీషు, పరీక్షకు తమిళము. చిన్ననాటినుండి మోయుట నేర్చినవారు గావున, ఎంత ఎత్తినను మన పిల్లలు వలదనరు. మాకు భయము కలుగునది అక్కడనే.

ఇక ఏ రెండు? మేము భాషాబోధకులము గావున ఇంగ్లీషు ముందు చదువుమంటిమి. పిల్ల ఒప్పలేదు.

"ఇంగ్లీషు ఒకటి చదివితే ఇంగ్లీషు రెండే తెరుచుకుంటుంది సార్. గణితం ఒకటి లేకుంటే గణితం రెండూ లేదు, స్టాట్స్ రెండూ లేదు. థింకింగ్ లేకుంటే పైథాన్ లేదు. పాఠాలన్నీ ఇంగ్లీషే కదా, వింటా ఉంటే ఇంగ్లీషు దానంతట అదే వస్తుంది."

మాకంటె బాగుగా ఆలోచించినది. గణితమును, కంప్యుటేషనల్ థింకింగును ఉంచి, తక్కిన రెండు గుర్తులు కొట్టివేసినది. ఆ రెండవదానిలో కంప్యూటరు భాష వ్రాయుటకు ముందు, అంగడి బిల్లులను, మార్కుల చీటీలను చేతితో వేఱుపఱచుచు క్రమముగా ఆలోచించుట నేర్పుదురు. పూల లెక్కలు వ్రాయు పిల్లకు అది ఆటవలె తోచినదట.

గణితము ఆటవలె తోచలేదు. మొదటి క్విజ్జున మార్కులు తక్కువగనే వచ్చినవి. అక్టోబరులో ఆయుధపూజ వచ్చినది. ఆ వారమున మన ప్రాంతమున పూల పని ఎట్లుండునో మీ రెఱుగుదురు. రాత్రి పదునొకండు గంటల వరకు దండలు కట్టి, పిదప వీడియో పాఠము తెఱచి నిదురపోయినదట. తరువాతి వారమున రెండింటిని చేరుకొన్నది. నాలుగింటిని చేరుకొనియుండునని మేము నమ్మము. టర్ము ముగియుసరికి పండ్రెండు గంటలు పదికి దిగినవి, రెండును ఉత్తీర్ణమైనవి.

2025 జనవరి టర్మునకు మరల వచ్చినది, తండ్రితోనే. ఈ మాఱు పట్టిక తానే వ్రాసికొని వచ్చినది. మూడు పాఠ్యాంశములు, 30 గంటలు. 24 గంటలకు తోడు బస్సునందలి పదింటిని చదువున కలిపియుండెను.

"బస్సులో సీటు దొరుకునా?" అని అడిగితిమి.

కొంచెము తడుముకొని, "పోయేటప్పుడు దొరకదు సార్, వచ్చేటప్పుడు దొరుకుతుంది" అన్నది.

అయిన ఐదే కలుపవలెనంటిమి. మొత్తము 29. ఒక గంట తక్కువ. పిల్ల పట్టికను పైనుండి క్రిందికి రెండు మాఱులు చూచినది. నిద్రపై వ్రేలు పెట్టినది. మేము తల అడ్డముగా ఊపితిమి.

తండ్రి గుమ్మమువద్ద చెప్పులు తొడుగుకొనుచు, "ఆదివారం పూలు నేను కడతాలే, రాసుకో" అన్నాడు.