నీళ్ళ అడుగున ఫోటో

మాకు ఈత రాదు. సముద్రాన్ని ఒడ్డునుంచే చూసి దణ్ణం పెట్టుకునే వంశం మాది. అటువంటి మేము నీళ్ళ అడుగున ఫోటోలు తీయడాన్ని గురించి వ్రాయబూనడం సాహసమే. చదువరులు మన్నించాలి.

మా అమ్మాయికి ఉద్యోగమై రెండేళ్ళయింది. సెలవు దొరికితే చాలు, బెంగుళూరునుంచి మురుడేశ్వరం పోతుంది. అక్కడ పడవెక్కి, సుమారు 19 కిలోమీటర్ల దూరంలోని నేత్రాణి దీవికి చేరి, వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళలో దిగుతుంది. "కెమెరా ఉంది, దానికి నీళ్ళు చొరని పెట్టె కూడా కొన్నాను. ఇక ఫ్లాష్ ఒక్కటే కావాలి నాన్నా" అంది కిందటేడు. పెళ్ళికని వేస్తున్న చీటీ పాడి, సణుగుతూనే డబ్బు చేతిలో పెట్టాము. "పట్టపగలు దీపమెందుకే?" అని కూడా అడిగాము.

నీళ్ళు వెలుతురును తాగేస్తాయట. అందులోనూ ముందుగా తాగేది ఎరుపును. పది మీటర్ల లోతున కుంకుమబొట్టు కూడా బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ రంగు మళ్ళీ కనబడాలంటే దీపం మనమే వెంట తీసుకుపోవాలి. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు నీళ్ళ అడుగున మొదటి రంగుల ఫోటోలు తీసినప్పుడు, వెలుతురు చాలక తెప్పమీద మెగ్నీషియం పొడి మండించారు.

తీరా అమ్మాయి తిరిగివచ్చాక చూస్తే, ప్రతి ఫోటోలోనూ సగం చేప, సగం చీకటి! చేపలు కుదురుగా నిలవవని షట్టర్ వేగం బాగా పెంచిందట. "ఫ్లాష్ చెడిపోయింది, వచ్చిన ధరకు అమ్మేస్తాను" అని ముఖం చిన్నబుచ్చుకుంది. అప్పుడు మేము అనకూడని మాట అన్నాము: "పెళ్ళిడబ్బు నీళ్ళపాలు చేశావు." రెండు రోజులు అమ్మాయి మాతో మాట్లాడలేదు. వాళ్ళమ్మా మాట్లాడలేదు.

మా చదువు ఎస్సెల్సీ. కాని పాతికేళ్ళుగా ఆఫీసులో ఇంగ్లీషు సర్క్యులర్లను ఆఖరి అక్షరందాకా చదవడమే మా బతుకు. మూడోరాత్రి నిద్రపట్టక కెమెరాతో వచ్చిన పుస్తకం తీశాము. ఫ్లాష్ వాడేటప్పుడు షట్టర్ 250వ వంతుకంటే వేగంగా ఉండరాదని అందులో చిన్న అక్షరాలలో ఉంది.

కారణం నాటకాలు చూసేవారికి తేలికగా బోధపడుతుంది. ఆ కెమెరాలో రెండు తెరలున్నాయి. ఒకటి తొలగి దారి ఇస్తుంది, రెండవది వెనకే వచ్చి మూస్తుంది. 250వ వంతుదాకా రంగస్థలమంతా తెరిచి ఉండే క్షణం ఒకటి దొరుకుతుంది. ఫ్లాష్ అప్పుడు మెరుస్తుంది. వేగం ఇంకా పెంచితే, మొదటి తెర పూర్తిగా తొలగకముందే రెండవది బయలుదేరుతుంది. మెరుపు నడిమి సందులోనే పడుతుంది. మిగిలినదంతా చీకటి. మామూలుగా కెమెరాయే ఆ వేగాన్ని అడ్డుకుంటుంది. మాది వేరే కంపెనీ ఫ్లాష్, తీగతో తగిలించినది కనుక, కెమెరా దాన్ని పోల్చుకోలేదు. అసలు చేపను నిలబెట్టడానికి ఆ మెరుపే చాలు. అది అంత పొట్టిది. షట్టర్ వేగం వెనకనున్న నీళ్ళ నీలాన్ని ముదురుగానో లేతగానో చేయడానికి పనికివస్తుంది.

తెల్లవారి ఆ పుటలో పెన్సిలు గీత గీసి, అమ్మాయి కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఆఫీసుకు పోయాము. సాయంత్రం గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఈసారి నువ్వూ రావాలి నాన్నా" అంది.

వెళ్ళాము. పడవలో కడుపు తిప్పి కూలబడ్డాము. అమ్మాయి ఫ్లాష్‌ను కెమెరాకు దూరంగా, పక్కకు జరిపి పట్టుకుని దిగింది. దగ్గరగా ఉంటే నీళ్ళలోని నలుసులన్నీ మంచు కురిసినట్లు మెరుస్తాయట. ముప్పావుగంటకు పైకి వచ్చి, తడిచేతులతో కెమెరా చూపించింది. ముదురునీలంలో, ఒళ్ళంతా ఎర్రచారలతో లయన్ ఫిష్! మాకు నోట మాట రాలేదు. "ఆ మాట అనకుండా ఉండవలసింది తల్లీ" అన్నాము చివరకు.

చీటీ ఇంకా కొన్ని నెలలు కట్టాలి. ఆ ఫోటో పటం కట్టించి ముందుగదిలో పెట్టాము. పెళ్ళిచూపులకు వచ్చినవారు ముందు దాన్నే చూసి, ఎవరు తీశారని అడుగుతారు. "మా అమ్మాయి" అంటాము. పుస్తకం చదివినదెవరో మాత్రం మేము చెప్పుకోము.