కమాను మీద కమాను

పాత కారు కుదిపేస్తోందంటే మన గోదావరి జిల్లాల్లో వైద్యం ఒకటే. కమాను కట్టకి ఇంకో పట్టీ కలపడం. లారీకి పనికొచ్చింది కదా, కారుకీ పనికొస్తుందని లెక్క. సర్వరు నెమ్మదిగా ఉందనగానే ర్యామ్ పెంచమనే మేనేజర్లు ఉంటారే, అచ్చం అలాగే :)

ఈ గొడవంతా మా పెదనాన్న గారి స్టాండర్డ్ హెరాల్డ్ గురించి. 1966 మోడలు, రెండు తలుపులది. మద్రాసులో తయారైన కారే గానీ పుట్టుక ఇంగ్లండులో, 1959లో, ట్రయంఫ్ హెరాల్డ్ అన్న పేరుతో. దాని ఛాసిస్‌నే పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. అంచేత మాది స్పోర్ట్స్ కారు కాకపోయినా దానికి తోడబుట్టిందే. ఇద్దరికీ జబ్బులు కూడా ఒకటే.

పెదనాన్నకి 78 ఏళ్ళు. రెండేళ్ళ కిందట నడుముకి ఆపరేషన్ అయింది. రాజమండ్రి నుంచి అమలాపురంలో ఉన్న మా అత్తయ్య దగ్గరికి నెలకోసారి ఈ కారులోనే వెళ్ళేవారు. ఈమధ్య వెళ్ళొచ్చాక మూడు రోజులు మంచం దిగలేక, "ఇంక నావల్ల కాదురా, ఎవరికైనా ఇచ్చెయ్యండి" అన్నారు. బెంగుళూరు నుంచి బేరం కూడా వచ్చింది. అమ్మేద్దామని అన్నయ్య, ఒక్క నెల ఆగమని నేను. వేరే కారులో వెళ్ళచ్చుగా అంటారా? ఆయనతో ఆ మాట మీరే అనండి.

షెడ్డులో అడిగితే, "ఆయ్, ఇంకో పట్టీ ఏసేద్దావండి, ఏనుగెక్కినా కుంగదు" అన్నాడు. ఎప్పుడో ఒకటి అప్పటికే వేసి ఉంది! అసలు చిక్కు అదే. హెరాల్డ్‌కి వెనకాల ఉండే కమాను లారీలో లాగా పొడుగ్గా కాదు, అడ్డంగా ఉంటుంది, డిఫరెన్షియల్ నెత్తి మీద. ఇరుసులు రెండూ లోపలి కొస దగ్గర మాత్రమే వంగుతాయి. పట్టీ కలిపితే వెనక భాగం పైకి లేస్తుంది, చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. అలా ఉన్న కారు జోరుగా మలుపు తిరుగుతున్నప్పుడు బ్రేకు కొడితే బయటి చక్రం ఇంకా లోపలికి మడిచి కారు పల్టీ కొట్టే ప్రమాదముంది. ట్రయంఫ్ వాళ్ళే 1970 స్పిట్‌ఫైర్‌లో ఈ కమాను బిగింపు మార్చాల్సొచ్చింది. అంటే మనం డబ్బిచ్చి నడుం నొప్పితో పాటు ప్రమాదం కూడా కొనుక్కున్నామన్నమాట.

సుఖం సంగతి చూద్దాం. కూర్చున్న మనిషి ఒళ్ళు ఎక్కువగా అదిరేది సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే నిలువు కుదుపుకి. కమాను బిగిసేకొద్దీ, టైర్లో గాలి ఎక్కువయ్యేకొద్దీ మనం అటువైపే జరుగుతాం. సరే మెత్తగా చేసేద్దామా అంటే, మన రోడ్లు ఊరుకోవు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక వచ్చిన కాలవ గట్ల మీదే చాలావరకు మన రోడ్లున్నాయి. అడుగున బంకమట్టి వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతుంది. తారు బాగానే కనిపిస్తుంది గానీ రోడ్డు అలలు అలలుగా ఉంటుంది. ఏడెనిమిది మీటర్లకో అల అనుకోండి, నలభై స్పీడులో సెకనుకి ఒకటిన్నర ఊపులు. మామూలు కారు స్ప్రింగుల సొంత తాళం కూడా దాదాపు అదే. రెండూ కలిస్తే ఉయ్యాలే! దాన్ని ఆపాల్సింది స్ప్రింగు కాదు, షాక్ అబ్జార్బరు. మా కారు డిక్కీ మూల నొక్కి వదిలితే నాలుగుసార్లు ఊగింది. ఒకటిన్నర ఊపుకి ఆగిపోవాలి.

కొత్త షాక్‌లు, బుష్‌లు ఇంగ్లండు నుంచి తెప్పించాను. అక్కడ ఈ కార్ల సామాను ఇంకా తయారుచేస్తున్నారు. బుష్‌లు పాలీయురేథేన్‌వి తీసుకో, జన్మలో అరగవు అన్నాడు ఓ మిత్రుడు. అరగవు నిజమే, అదురు కూడా మింగవు. రేసు ఆడేవాడికి అవి, పెదనాన్నకి మామూలు రబ్బరే. ఎక్కించిన పట్టీ తీయించి, మిగతావి విడదీసి తుప్పు గీకించి, ఆకుల కొసల మధ్య అరిగిపోయిన బొత్తాలు మార్పించాను. కమాను మళ్ళీ జారడం మొదలెట్టింది, అంతవరకూ తుప్పుతో అతుక్కుపోయి ఒకే దుంగలా ఉంది పాపం. టైర్లలో 35 కొట్టేవాళ్ళు, ఇప్పటి కార్లకి అలవాటుగా. ఎనిమిది వందల కిలోల కారుకి అంతెందుకండీ? పాత మాన్యువల్ చూస్తే ఇరవైల్లోనే ఉంది.

అన్నిటికన్నా నవ్వొచ్చింది సీటు. ఎవరో పుణ్యాత్ముడు కొబ్బరి పీచు దిండు కుక్కి కుట్టేశాడు. కోనసీమ కదా, చవక! కింద రబ్బరు పట్టీలు ఎప్పుడో తెగాయి. కొత్త పట్టీలు, పైన ఫోము, నడుం దగ్గర కాస్త ఎత్తు. మొత్తం ఖర్చులో తక్కువైంది ఇదే, తేడా కొట్టొచ్చినట్టు తెలిసిందీ ఇక్కడే. ఫోను సీటు మీద పెట్టి అదే గట్టు మీద ముందూ తరవాతా కొలిచాను, పెద్ద కుదుపులు సగానికి తగ్గాయి.

డాక్టరు గంటకోసారి దిగి నడవమన్నారు, రావులపాలెంలో టీకి ఆగుతున్నాం. మొన్న పెదనాన్న అమలాపురం వెళ్ళొచ్చి మర్నాడు పొద్దున్నే పేపరు తెచ్చుకోవడానికి నడిచి వెళ్ళారు. బెంగుళూరాయన ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అన్నయ్య ఇప్పుడు పదిహేనంగుళాల అల్లాయ్ వీల్స్, పల్చటి టైర్లు వేయిద్దామంటున్నాడు, అందంగా ఉంటుందట. ఆ సంగతి పెదనాన్న దాకా వెళ్ళనివ్వలేదు.