కాడిమీద ముడి

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదక మిత్రులు అడిగితే, "భౌతికశాస్త్రం చదువుకునేవాణ్ణి, నాకు వ్రాతలేమొస్తాయి?" అని తప్పించుకోబోయాను. "నీ వాలీబాల్ సంగతే వ్రాయవోయ్" అన్నారు. వాలీబాల్ సంగతి చెప్పాలంటే ముందు ఫుట్‌బాల్ సంగతి చెప్పాలి. అదీ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికావాళ్ళది. అది అర్థం కావాలంటే మా నాయన ఎద్దుల సంగతి కూడా రావాలి. కాబట్టి పాఠకులు కాస్త ఓపిక పట్టాలని మనవి.

కిందటేడు కాలేజీల మధ్య పోటీలు ఆరు రోజులుందనగా, ప్రాక్టీసులో మా లిఫ్టర్ ఎగిరి, వలకింద ఇంకొకరి పాదంమీద దిగాడు. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఆయన ఫైనలియర్. మేమందరం అన్న అనే పిలుస్తాం. లిఫ్టరంటే షూటర్ కొట్టడానికి వీలుగా బంతిని వలపైకి లేపి ఇచ్చేవాడు. చప్పట్లు షూటర్‌కే పడతాయి గాని, ఆట నడిచేది లిఫ్టర్ వేళ్ళమీద. అన్న వేళ్ళలో ఏముందో గాని, బంతి ఎటు పోతుందో వల అవతలివాళ్ళకు చివరి క్షణం దాకా తెలిసేది కాదు.

నేను ఎక్స్‌ట్రా లిఫ్టర్ని. అంటే బంతుల సంచీ మోసేవాణ్ణి. అన్నకు కట్టు కట్టిన సాయంత్రం అందరూ నావైపు చూశారు. ఆ చూపులో నమ్మకం లేదు, ఇక వేరే దారి లేదన్న నిట్టూర్పు ఉంది.

మొదటి మ్యాచి వరుసగా మూడు సెట్లూ ఓడిపోయాం. నేను చేసిందల్లా అన్నలాగా ఆడబోవడం. అన్న ఇచ్చినట్టే వలకు ఆనించి, తక్కువ ఎత్తులో, వేగంగా ఇవ్వబోయాను. కొన్ని వలకు తగిలాయి, కొన్ని షూటర్ ఎగరకముందే కిందికి వచ్చేశాయి. రాత్రి హాస్టల్లో అన్నం సహించలేదు. మర్నాడు పీడీ సార్‌తో "నావల్ల కాదు సార్" అని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను.

ఆ రాత్రే మా పెదనాయన కొడుకు ఫోన్ చేశాడు. ఆయన ఫిలడెల్ఫియా దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. నా ఏడుపంతా విని, "రేయ్, ఆ మాట సార్‌తో పొద్దున చెప్పొచ్చుగాని, ముందు మా ఊరి టీము కథ చూడు" అని వీడియోలు పంపించాడు. తెల్లవారుజాము రెండు దాకా చూశాను.

ఆ ఆటలో జట్టుకు పదకొండుమంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట క్వార్టర్‌బ్యాక్ అనేవాడి చేతికే వస్తుంది. దూరంగా విసరాలా, పక్కవాడికిచ్చి పరుగెత్తించాలా అన్నది అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఒక విధంగా లిఫ్టరే, కాకపోతే మీదపడి కూలదోసేవాళ్ళు ఎక్కువ.

2017లో ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టుకు కార్సన్ వెంట్జ్ క్వార్టర్‌బ్యాక్. ఆ సీజన్లో డిసెంబరు 10 నాటికే 33 టచ్‌డౌన్లకు బంతి విసిరాడు. ఆ రోజు లాస్ ఏంజెలిస్ రామ్స్‌తో ఆటలో గోలు గీతవైపు దూకినప్పుడు ఇద్దరి మధ్య నలిగి మోకాలి లిగమెంటు తెగింది. ఆ కాలితోనే ఇంకొన్ని ప్రయత్నాలు ఆడి, మరో టచ్‌డౌన్‌కు బంతి అందించి మరీ బయటికి నడిచాడు. ఆ మ్యాచి ఈగల్స్ 43-35 తేడాతో గెలిచింది గాని, ఊరంతా దిగులు పడిందట.

వెంట్జ్ స్థానంలోకి నిక్ ఫోల్స్ వచ్చాడు. అతను మరీ కొత్తవాడేమీ కాదు. 2013లో ఇదే జట్టు తరఫున ఒకే మ్యాచిలో ఏడు టచ్‌డౌన్లు విసిరినవాడు. తరువాత వేరే జట్టుకు పోయి, 2016లో అక్కడివాళ్ళు వద్దనుకుంటే, ఆటే మానేద్దామనుకున్నవాడు. వచ్చీ రాగానే అద్భుతాలేమీ జరగలేదు. మొదటి మ్యాచి బాగానే ఆడాడు గాని, డిసెంబరు 25న తడబడ్డాడు. 31న డాలస్ కౌబాయ్స్ చేతిలో జట్టు 6-0తో ఓడింది. ఆ భాగం మళ్ళీ మళ్ళీ వేసుకుని చూశాను. అతని ముఖంలో నా ముఖం కనబడింది.

అప్పుడు కోచ్ డగ్ పీడర్సన్, అతని సహాయకులు ఒక పని చేశారు. ఫోల్స్‌ను వెంట్జ్‌లాగా ఆడమనలేదు. ఫోల్స్ వెనకటి ఆటల ఫిల్ములు తిరగేసి, ఇతని చేతికి అలవాటైన ఎత్తులు ఏవని వెతికారు. బంతి అందుకోగానే అవతలివాడి కదలిక చూసి, పరుగెత్తేవాడికి ఇవ్వడమో, దగ్గరలో ఉన్నవాడికి చటుక్కున విసరడమో చేసే ఆట అతనికి బాగా వచ్చు. ఆ రకం పెంచారు. మిగతా బరువు రక్షణ శ్రేణి, పరుగెత్తేవాళ్ళు, ముందు వరసలోని భారీ మనుషులు తలాకొంచెం పంచుకున్నారు.

ఇక్కడే మా నాయన గుర్తుకొచ్చాడు. మాది అనంతపురం జిల్లాలో ఎర్రనేల సేద్యం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, వేరుశనగ విత్తే పదునులో మా ఎలపట ఎద్దు కాలు బెణికింది. పదును పోతే ఆ ఏడు పంట పోయినట్టే. నాయన మామ వాళ్ళ ఎద్దును తెచ్చి కట్టాడు. అది బక్కది, దాపటి దానితో సమంగా లాగలేక గొర్రు వంకర పోతోంది. నేను చెర్నాకోల అందించబోయాను. నాయన తీసుకోలేదు. కాడి నడుమ ఉన్న కట్టు విప్పి, ముడిని దాపటి ఎద్దువైపు ఒక జానెడు జరిపి బిగించాడు. సాళ్ళు చక్కబడ్డాయి. వెనకాల అమ్మ జడ్డిగంలో విత్తనం పోస్తూనే ఉంది.

"కొత్త ఎద్దును కొడితే పాత ఎద్దు అవుతుందా? ముడి జరపాలప్పా" అన్నాడు నాయన.

అది భ్రామకాల సూత్రమని ఇంటర్‌లో చదువుకున్నాను. బలాన్ని దూరంతో గుణిస్తే రెండువైపులా సమానం కావాలి. ముడికి దగ్గరగా ఉన్న ఎద్దుమీద ఎక్కువ బరువు, దూరంగా ఉన్నదానిమీద తక్కువ బరువు పడతాయి. పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చుకున్నాను గాని, దాని అర్థం మాత్రం ఆ తెల్లవారుజామున తెలిసింది.

ఈగల్స్‌వాళ్ళు ముడి జరిపారు. 2018 జనవరి 13న అట్లాంటాను 15-10తో ఓడించిన ఆటలో ఎక్కువ బరువు మోసింది రక్షణ శ్రేణి. వారం తరువాత మిన్నెసోటామీద ఫోల్స్ చెలరేగాడు, 38-7. ఫిబ్రవరి 4న మినియాపొలిస్‌లో సూపర్ బౌల్. ఎదుట టామ్ బ్రేడీ ఉన్న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్. మొదటి సగం ముగియబోతుండగా నాలుగో ప్రయత్నం, ఇంకొక్క గజం పోవాలి. ఆ ఎత్తు వేద్దామా అని ఫోల్సే వచ్చి కోచ్‌ని అడిగాడు. బంతి అతని చేతికి రాలేదు. పరుగెత్తేవాడు అందుకుని ఇంకొకడికిచ్చాడు, ఆ ఇంకొకడు విసిరాడు, పట్టుకున్నది ఫోల్స్! విసరవలసినవాడు పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. 41-33తో గెలిచారు. 1960 తరువాత ఆ ఊరికి లీగ్ విజేత పట్టం మళ్ళీ అదే. మొట్టమొదటి సూపర్ బౌల్ కూడా అదే.

పొద్దున పీడీ సార్ దగ్గరికి పోయాను. నావల్ల కాదని చెప్పలేదు. "సార్, నాకు ఎడమవైపు ఎత్తుగా లేపే ఓపెన్ బాల్ ఒక్కటే సరిగ్గా వస్తుంది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, అదే ఇయ్యి. తక్కినవాళ్ళం సర్దుకుంటాం" అన్నారు. మధ్యలో వేగంగా కొట్టే ఎత్తులు మానేశాం. ఎత్తు బంతికి అవతల ఇద్దరు అడ్డం లేస్తారు కనుక మా షూటర్ రెట్టింపు కష్టపడ్డాడు. వెనక వరసవాళ్ళు నేలమీద పడి పడి మోచేతులు చెక్కుకున్నారు. అన్న కట్టుకాలితో బెంచీమీద కూర్చుని, అవతల ఎవరు ఆలస్యంగా ఎగురుతున్నారో చూసి నాకు సైగ చేసేవాడు. రెండు మ్యాచిలు గెలిచి సెమీఫైనల్స్‌కు వెళ్ళాం. అక్కడ ఐదు సెట్ల దాకా పోరాడి ఓడిపోయాం.

ఇంతటితో ఆపితే బాగానే ఉంటుంది. కాని ఒక మాట మిగిలింది. రెండో మ్యాచి గెలిచినప్పుడు అందరూ నన్ను భుజాలమీదికి ఎత్తుకున్నారు. పైనుంచి చూస్తే అన్న ఒక్కడే బెంచీమీద ఉన్నాడు. చప్పట్లు కొడుతున్నాడు. కాని అది ఆయన చివరి టోర్నమెంటు. మినియాపొలిస్‌లో గీత అవతల నిలబడిన వెంట్జ్ కూడా ఇలాగే చూసి ఉంటాడు. ముడి జరిపితే సాలు చక్కబడుతుంది గాని, కొట్టంలో కుంటుతున్న ఎద్దు నొప్పి తగ్గదు.

ఇంకొకటి కూడా మా అన్నయ్యే చెప్పాడు. ఫోల్స్ 2019లో పెద్ద జీతంమీద జాక్సన్‌విల్ జట్టుకు వెళ్ళి, మొదటి మ్యాచిలోనే మెడ పక్క ఎముక విరగ్గొట్టుకున్నాడు. అతని స్థానంలోకి ఇంకో కుర్రవాడు వచ్చాడు. బెంచీకీ మైదానానికీ మధ్య ఉన్నది ఒక్క సున్నపు గీతే.

ఈ ఏడు నేనే మొదటి లిఫ్టర్ని. బంతుల సంచీ ఒక ఫస్టియర్ తమ్ముడు మోస్తున్నాడు. సాయంత్రాలు ప్రాక్టీసు అయ్యాక వాణ్ణి ఆపి, "నీకు ఏ బంతి బాగా వస్తుందిరా?" అని అడుగుతున్నాను. అన్న డిగ్రీ ముగించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. కాలు బాగుపడిందనీ, ఊళ్ళో పిల్లలకు వాలీబాల్ నేర్పుతున్నాననీ మొన్ననే ఫోన్ చేశాడు.