మూగబోయిన కేంద్రం కూడా హెచ్చరికే

గత వారం జీఎస్-3 ప్రాక్టీసులో తుపాను హెచ్చరికల వ్యవస్థపై ప్రశ్న వచ్చింది. అందరిలాగే నేనూ "ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల సంఖ్య పెంచాలి" అని ముగించాను. దిద్దిన మిత్రుడు పక్కన ఒక్క మాట రాశాడు: "ఆ గాలికి అవి నిలబడతాయా?" గరాచర్మలో పెరిగిన నాకు ఆ ప్రశ్న తట్టనందుకు సిగ్గేసింది.

2014 అక్టోబరు 8న హుద్‌హుద్ లాంగ్ ఐలాండ్ దగ్గర మా అండమాన్ దీవులను దాటింది. గండం గడిచిందనుకున్నాం. 12న అదే తుపాను విశాఖను తాకింది. అక్కడి అమ్మమ్మకు ఫోన్ కలవలేదు. ఆ గాలికి విశాఖలోని డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. అంటే, సమాచారం అత్యవసరమైన గంటలోనే కళ్లు మూసుకుపోయాయి.

ఆటోమేటిక్ కేంద్రానికీ ఇదే ముప్పు. మబ్బు పట్టిన రోజుల్లో సోలార్ పలక బ్యాటరీని నింపలేదు. ఎగిరొచ్చిన రేకు తగిలితే గాలివేగం కొలిచే గిన్నెలు విరుగుతాయి. సెల్ టవర్ పడితే మొబైల్ నెట్‌వర్క్‌పై ఆధారపడిన కేంద్రం పనిచేస్తున్నా కబురు చేరదు. వాన ఏటవాలుగా కొట్టినప్పుడు వర్షమాపకం తక్కువ చూపుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పోయే అంకెలు ఏవో కొన్ని కావు, ఎక్కువగా శిఖర ఘడియవే. మిగిలిన రికార్డునే నమ్మితే గాలిని తక్కువగా అంచనా వేస్తాం. రేపటి ఇళ్లూ, స్తంభాలూ ఆ తక్కువ అంచనాతోనే కడతాం.

దీనికి రెండో వైపూ ఉంది. 1996 ఏప్రిల్ 10న ఒలీవియా తుపానులో ఆస్ట్రేలియాలోని బారో ద్వీపపు ఆటోమేటిక్ కేంద్రం గంటకు 408 కిలోమీటర్ల గాలి విసురును నమోదు చేసింది. ఆ అంకెను ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుగా గుర్తించింది 2010లో! పరికరం నిలబడితే చాలదు, దాని మాట నమ్మడానికి సరిచూసే మరో ఆధారమూ కావాలి.

అందుకే నా జవాబు మార్చి రాశాను: తుపాను కాలానికి ముందే పరికరాల తనిఖీ, అదనపు బ్యాటరీ, సెల్ నెట్‌వర్క్‌తో పాటు ఉపగ్రహ మార్గం, పక్కనే మనిషి చదివే మామూలు వర్షమాపకం. చివర ఒక వాక్యం చేర్చాను: తుపాను దారిలో ఉన్న కేంద్రం నుంచి కబురు ఆగితే, కంట్రోల్ రూమ్ దాన్ని ప్రశాంతతగా కాదు, ప్రమాద సూచనగా తీసుకోవాలి.

ఆ రోజు అమ్మమ్మ ఫోన్ కలవనప్పుడు, అంతా బాగుందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.