తోడుకు కాస్త పెరుగు

మా అమ్మాయి ఏ.ఎస్. రావు నగర్‌లో ఫ్లాటు కొనుక్కుని ఆరేళ్ళయింది. మేమిద్దరం భీమవరంలో ఇల్లు అద్దెకిచ్చేసి దాని దగ్గరికి వచ్చి రెండో ఏడు నడుస్తోంది. వస్తూనే నేను చేసిన మొదటి పని పూతరేకులు పంచడం. ఆత్రేయపురం నుంచి తెప్పించి, మా అంతస్తులో ఉన్న నాలుగు గుమ్మాలకూ స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. అందరూ నవ్వుతూ తీసుకున్నారు. "ఎందుకండీ ఇవన్నీ" అన్నారు. తలుపులు వేసుకున్నారు. ఆ తర్వాత లిఫ్టులో ఎదురుపడితే ఓ చిరునవ్వు, అంతే.

భీమవరంలో ముప్పై నాలుగేళ్ళు ఒకే వీధిలో ఉన్నదాన్ని. కాపురానికి వెళ్ళేసరికే ఆ వీధిలో పిన్నిగార్లూ వదినగార్లూ ఉన్నారు. వెతుక్కుని పరిచయాలు చేసుకోవలసిన అవసరమే రాలేదు. అరవై దాటాక ఆ పని మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఫ్లాటులో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఆ వేళంటే నాకు బెంగ పట్టుకునేది.

డిసెంబరులో ఓ రాత్రి చూసుకుంటే పెరుగు గిన్నె ఖాళీ. తోడుకు చుక్క కూడా మిగల్లేదు. కాచిన పాలు గోరువెచ్చనవుతున్నాయి. చేతనైతే ఒకరికి పెట్టాలి గానీ ఒకరి గుమ్మం ముందు చెయ్యి చాపకూడదని మా అమ్మ పెంచిన పెంపకం. చాలాసేపు తటపటాయించి, చివరికి గిన్నె పట్టుకుని ఎదురింటి బెల్లు కొట్టాను.

"తోడుకు కాస్త పెరుగు ఉంటే..." అన్నాను.

"పెరుగుకేనా? గింత మొహమాటమేంది అక్కా, లోపటికి రాండ్రి" అందావిడ.

గరిటెడు పెరుగు వేసి, పైన మూత పెట్టి, ఇక్కడి చలికి పెరుగు తోడుకోదని, గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టి చుట్టూ తువ్వాలు కప్పమని చెప్పింది. భీమవరం ఉక్కకు అలవాటుపడ్డ నాకు ఆ సంగతి తెలియదు. అది చెప్పి ఊరుకోలేదు. మీదే ఊరు, పిల్లలెందరు, కాళ్ళ నొప్పులకు ఏం వాడుతున్నారు... నలభై నిమిషాలు కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి పాలు చల్లారిపోయాయి, మళ్ళీ వెచ్చబెట్టుకోవలసి వచ్చింది.

ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా, మర్నాడు దాన్లో దబ్బకాయ పచ్చడి వేసి ఇచ్చాను. రెండు రోజులకు అదే గిన్నెలో పుంటికూర పప్పు వచ్చింది. మా గోంగూరే. కుషాయిగూడ రైతుబజారుకు ఇద్దరం కలిసి వెళ్ళడం మొదలుపెట్టాక, నేను గోరుచిక్కుళ్ళు అనగానే "గోకరకాయ కావాల్నంట" అని అమ్మే అతనికి ఆవిడే చెప్పేది.

పూతరేకులు తెరవలేని తలుపును గరిటెడు పెరుగు ఎలా తెరిచిందా అని చాలాసార్లు ఆలోచించాను. పెట్టినప్పుడు నేను అతిథిని పలకరించినట్టు పలకరించాను, వాళ్ళూ అలాగే పుచ్చుకున్నారు. అడిగినప్పుడు మాత్రం, నువ్వు లేకపోతే ఈ రాత్రి నాకు గడవదమ్మా అని చెప్పినట్టయింది. ఆ మాట వినడానికి ఎంతమంది ఎదురుచూస్తుంటారో ఈ ఊరొచ్చాకే నాకు తెలిసింది.

ఎదురింటావిడ వాళ్ళాయన 1974లో ఈసీఐఎల్‌లో చేరారట, కరీంనగర్ దగ్గర పల్లె నుంచి వచ్చి. "అప్పుడు ఈడ అన్నీ బండలే. పక్కింటోళ్ళు బొంబాయి కెల్లి వచ్చిన్రు, ఎనకింటోళ్ళు కేరళ. అందరం కొత్తోళ్ళమే, ఎవల్ని అడిగేటందుకూ సిగ్గు లేకుండె" అందావిడ. అవును మరి. 1967లో ట్రాంబే అణుశక్తి కేంద్రంలోని ఎలక్ట్రానిక్స్ విభాగం నుంచి పుట్టిన సంస్థ అది. అక్కడివాళ్ళు కొందరు, దేశం నలుమూలల నుంచి ఇంకొందరు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఈ కాలనీది. ఆయన 1914లో పుట్టింది మోగల్లులో. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు, మా భీమవరం పక్కనే. ఆ సంగతి తెలిసిన రోజున బస్సు బోర్డు మీద కాలనీ పేరు చదువుతుంటే మావాళ్ళెవరో ముందే వచ్చి నాకు చోటు పట్టి ఉంచినట్టనిపించింది.

మా వారిది ఇంకో ఇబ్బంది. నాకంటే మొహమాటస్తులు. బాల్కనీలో కుర్చీ వేసుకుని రోజంతా పేపరు తిప్పేవారు. ఆయన పాత ట్రాన్సిస్టరు మూగబోయినప్పుడు, ఎదురింటాయన ఒకప్పుడు ఈసీ టీవీలు తయారుచేసిన మనిషి, వెళ్ళి అడగండి అని పోరాను. నాలుగు రోజులకు కదిలారు. ఎదురింటాయన సోల్డరింగ్ ఐరన్ బయటికి తీసి, వేడెక్కిందా లేదా అని తడి స్పాంజికి తాకించి చూసుకుని, వణుకుతున్న ఎడమచేతిని కుడిచేత్తో ఆనించి, ఊడిపోయిన తీగను అతికించారట. ఆ తడి స్పాంజి చుయ్యిమన్న చప్పుడు దగ్గర్నుంచీ మా వారు నాకు ముమ్మారు చెప్పారు. ఇప్పుడిద్దరూ రోజూ పొద్దున్నే పార్కుకు వెళ్తున్నారు.

నా బాధంతా మా అమ్మాయి గురించే. హైటెక్ సిటీలో ఉద్యోగం. ఇక్కడి నుంచి పాతిక కిలోమీటర్లకు పైనే, మెట్రో ఇటువైపు లేదు. ఎనిమిదింటికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. ఆరేళ్ళలో పై అంతస్తులో ఎవరున్నారో దానికి తెలియదు. కాన్సాస్ యూనివర్సిటీ ఆచార్యుడు జెఫ్రీ హాల్, కొత్త ఊరికి మారి ఆరు నెలలు దాటనివాళ్ళను పరిశీలించి 2018లో ఓ లెక్క చెప్పాడు. పరిచయం ఓ మాదిరి స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు, ప్రాణస్నేహానికి 200 గంటల పైమాట కలిసి గడపాలట. రోజుకు మూడు గంటలు రోడ్డు మీదే పోయే పిల్ల 200 గంటలు ఎక్కడి నుంచి తెస్తుంది? అది ఒంటరిగా లేదు, మేమున్నాం. కానీ మేం ఎన్నాళ్ళుంటాం?

మొన్న ఆదివారం సాయంత్రం హాల్లో ట్యూబ్‌లైటు పోయింది. అమ్మాయి కొత్తది తెచ్చింది గానీ, వెయ్యడానికి నిచ్చెన లేదు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తానని ఫోను తీసింది. పై ఫ్లాటువాళ్ళకు ఉంది, పోయినవారం మోసుకెళ్తుంటే చూశాను, వెళ్ళి అడుగు అన్నాను. "ముక్కూమొహం తెలియనివాళ్ళను ఏమని అడుగుతానమ్మా" అంది. నిచ్చెన కావాలని అడుగు అన్నాను. గొణుక్కుంటూ వెళ్ళింది.

ముప్పావుగంట గడిచింది. పైనుంచి కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో పకపకా నవ్విన చప్పుడు. అందులో దాని నవ్వు నాకు తెలుస్తూనే ఉంది. "ఫోన్ చెయ్యనా?" అన్నారు మా వారు. వద్దన్నాను. వంటింట్లోంచి పడుతున్న వెలుతురులో ఇద్దరం అలాగే కూర్చున్నాం.