నాగలి కింది మసక చుక్క



ఇప్పుడు చలికాలం. రాత్రి స్టడీ అవర్ అయ్యాక తూర్పు దిక్కు చూస్తే మూడు చుక్కలు వరుసగా కనబడతాయి. పుస్తకంలో ఓరియన్, అంటే వేటగాడు అని ఉంది. మా గోండు గూడెంలో తాతలు నాగలి అంటారు. ఆ మూడింటి కింద చిన్న చుక్కలు వేలాడుతుంటాయి. వాటి నడుమ ఒకటి మసకగా ఉంటుంది. అది మన కంటి దోషం కాదు. అది చుక్కలు పుట్టే మబ్బు. నీహారిక అంటారు.

అది సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఈ రాత్రి మన కంట్లో పడే వెలుగు అక్కడ బయలుదేరి 1,300 ఏళ్లు అయ్యింది! అక్కడ హైడ్రోజన్ వాయువు, దుమ్ము తమ బరువుకు తామే ముద్దకట్టి, లోపల వేడెక్కి చుక్కలు అవుతాయి. 1656లో హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త టెలిస్కోపులో దీన్ని చూసి, 1659లో బొమ్మ అచ్చు వేయించాడు.

మబ్బు నడుమ నాలుగు పెద్ద చుక్కలున్నాయి. ఆకారం మన లెక్కల పుస్తకంలోని ట్రపీజియమే. చుట్టూ వేల పిల్ల చుక్కలు. వాటి వయసు సుమారు పది లక్షల ఏళ్లు. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లు. సూర్యుడు 46 ఏళ్ల మనిషి అనుకుంటే ఇవి నాలుగు రోజుల పసిపిల్లలు.

నాలుగింటిలో పెద్దదాని వెలుగుతోనే ముఖ్యంగా మబ్బు మెరుస్తుంది. కానీ అదే వెలుగు దగ్గరున్న పిల్ల చుక్కల చుట్టూ తిరిగే దుమ్ము పళ్లాలను కొద్దికొద్దిగా ఊదేస్తుంది. గ్రహాలు తయారయ్యేది ఆ పళ్లాలలోనే. 1990లలో హబుల్ టెలిస్కోపు వాటిని ఫోటోలు తీసింది.

ఇది చదివాక నాకు మన డార్మెటరీ గుర్తొచ్చింది. ఆరో తరగతి తమ్ముడొకడు రోజూ రాత్రి ట్రంకు పెట్టె సర్దుకుంటాడు. సంక్రాంతికి పోతే మళ్లీ రానంటాడు. తెలుగు సరిగా రాదని క్లాసులో నోరు విప్పడు. పెద్దవాళ్లం గడగడా చదువుతుంటే దుప్పటి ముసుగేసుకుంటాడు. మొన్న వాణ్ని బయటికి తీసుకుపోయి ఇదంతా గోండిలో చెప్పిన. "నాలుగు రోజుల పిల్లలకు అంత వెలుగు ఎట్లొచ్చింది దాదా?" అన్నాడు. హాస్టల్‌కి వచ్చాక వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

పదో తరగతి మిత్రులకు ఒక మాట. పెద్ద చుక్కకు తన పక్కన ఎవరున్నారో తెలియదు. మనకు తెలుసు.

వార్డెన్ సారు గారికి మనవి: వెన్నెల లేని రాత్రి పావుగంట లైట్లు ఆపిస్తే అందరం మైదానంలో నిలబడి చూస్తాం. సంక్రాంతి సెలవులకు ముందే అయితే మేలు.